పేరు చెప్తేనే మందు

మా దవాఖానలో కుల్సుమ్‌బీ గోడతో మాట్లాడేది. నవ్వకండి, నిజంగానే. గోడకు ఇటు పక్క ఆడవాళ్ళు కూర్చునే గది, అటు పక్క మందులు కలిపే గది, మధ్యలో ఒక చిన్న కిటికీ. ఆ కిటికీలో కంపౌండరు చోటే మియా తల ఎప్పుడూ కనబడుతూనే ఉండేది. అయినా కుల్సుమ్‌బీ కిటికీ వైపు చూడదు. పక్కనున్న సున్నపు గోడకేసి చూసి, "ఈ పిల్ల దగ్గు ఇంక తగ్గలేదంట. ఎవరన్న వినేటోళ్ళుంటే వినుండ్రి" అనేది. చోటే మియా వినేవాడు. విన్నానని మాత్రం చచ్చినా ఒప్పుకునేవాడు కాదు.

గద్వాల బజారులో ఉండేది ఆ దవాఖాన. పెద్ద యుద్ధం ఇంకా మొదలుకాని రోజులు. ముందు భాగం దవాఖాన, వెనక భాగం మా ఇల్లు. వంటింట్లో కూర్చుంటే అక్కడి మాటలన్నీ నా చెవిన పడేవి. డాక్టరు మా ఇంటాయనే. ఆయన పేరు నేను నోటితో ఎన్నడూ అనలేదు, ఇప్పుడు కాగితం మీద మాత్రం ఎందుకంటాను? డాక్టరుగారు అనుకోండి, చాలు. నన్ను సావిత్రమ్మ అంటారు. డాక్టరుగారి కింద ముగ్గురు పనిచేసేవాళ్ళు. మందులు కలిపేది చోటే మియా. వచ్చినవాళ్ళను వరుసగా కూర్చోబెట్టి, తయారైన మందులు పేరు పిలిచి ఇచ్చేది నాగన్న. ఆడవాళ్ళ గది కుల్సుమ్‌బీది. ముగ్గురూ మంచివాళ్ళే. కానీ మూడు వేరువేరు దవాఖానల్లో పనిచేస్తున్నట్టుండేవాళ్ళు.

కుల్సుమ్‌బీ పుట్టింది వనపర్తిలో. తండ్రి గాజులు అమ్మేవాడు. గద్వాలలో గిన్నెలకు కళాయి వేసే నబీ సాబ్‌కు ఇచ్చి పెళ్ళి చేశారు. ఆయన వాకిళ్ళలో కొలిమి పెట్టుకొని గిన్నెలు కాలుస్తుంటే ఈమె తిత్తి ఊదేది. పనిలో పనిగా ఆ ఇంటి ఆడవాళ్ళ కష్టసుఖాలన్నీ వినేది. అట్లా గద్వాలలో ఆమెకు తెలియని వంటిల్లు లేకుండా పోయింది. పిల్లలు కలగలేదు. ఉన్నదల్లా భర్త, మరిది. ఆ మరిదే మా చోటే మియా. వాడిని పదేళ్ళప్పటి నుంచి వండి పెట్టి పెంచింది ఆమే.

ఒక ఏడు గత్తర, అదే కలరా, వచ్చింది. మొదట నాగర్‌కర్నూల్ వైపు ఊళ్ళలో మొదలైతే, డాక్టరుగారు చోటే మియాను వెంటబెట్టుకొని సూదులు వేయడానికి అటు పోయారు. వాళ్ళు అక్కడుండగానే గద్వాలలో నబీ సాబ్‌కు తగిలింది. అటు పోయే ఒక బండివాడితో కుల్సుమ్‌బీ కబురు పంపింది. ఆ మహానుభావుడు మరిచిపోయాడో, దారిలో వాడికే తగిలిందో దేవుడికెరుక, కబురు మాత్రం చేరలేదు. చోటే మియా తిరిగొచ్చేసరికి అన్నకు మట్టి కూడా ఇచ్చేశారు.

వాళ్ళిద్దరూ ఉర్దూలో అనుకున్న మాటలు, నేను తెలుగులో రాస్తున్నాను.

"లోకమందరికి మందులు కలిపినవ్. నీ అన్న నోట్లె గుక్కెడు నీళ్ళు పొయ్యనీకి రాలేదు" అంది కుల్సుమ్‌బీ.

"నాకెవరు చెప్పిండ్రు భాభీ? చెప్తె రాకపోతునా?"

"చెప్పి పంపిన."

"అబద్ధం. నాకు ఏ కబురూ రాలే."

దుఃఖంలో నోరు జారాడనుకుందాం. కానీ భర్తను పోగొట్టుకొని కళ్ళింకా తడి ఆరని మనిషిని పట్టుకొని అబద్ధం అన్నాడే, ఆ మాట ఆమె గుండెలో ముల్లులా దిగిపోయింది. ఆనాటి నుంచి మాటలు బంద్. ఆమెకు లోకంలో మిగిలిన బంధువు అతనొక్కడు. అతనికీ ఆమె ఒక్కతే. వదినకు దవాఖానలో పని ఇప్పించమని డాక్టరుగారి కాళ్ళావేళ్ళా పడింది కూడా అతనే, ఆమెకు చెప్పొద్దని నా దగ్గర ఒట్టు వేయించుకొని మరీ. ఇంత ప్రేమ ఉండి, ఒక గోడకు చెరో పక్క నిలబడి, ఒక్క మాట లేదు! చూస్తే నాకు ఒళ్ళు మండేది.

పనిలో మాత్రం కుల్సుమ్‌బీకి వంక పెట్టలేం. లావుపాటి మనిషి, నోట్లో ఎప్పుడూ పాన్, గొంతు కోట దాకా వినబడేది. డాక్టరుగారు పరదా ఇవతల కూర్చుంటే ఆడవాళ్ళు అవతలి నుంచి చెయ్యి మాత్రం బయటికి పెట్టేవాళ్ళు, ఆయన నాడి చూసేవారు. జబ్బు సంగతి వాళ్ళు కుల్సుమ్‌బీ చెవిలో చెప్తే ఆమె బయటికి చెప్పేది. సిగ్గుపడి దాచుకునే వాళ్ళను బుజ్జగించేది, వినకపోతే తిట్టేది కూడా.

ఇట్లా నడుస్తున్న దవాఖానలో డాక్టరుగారికి పనితీరు బాగుచేయాలన్న ఆలోచన పుట్టింది. అప్పటిదాకా మందు కావాలంటే ఎవరి సీసా వాళ్ళు తెచ్చుకునేవాళ్ళు. నూనె సీసా, అత్తరు సీసా, సారా సీసా, మూతికి గుడ్డపేలిక కుక్కిన మురికి సీసా. అవి చూసి ఆయనకు కంపరం. హైదరాబాదు నుంచి రైల్లో పెట్టెలకొద్దీ కొత్త సీసాలు తెప్పించారు. అన్నీ ఒకే ఎత్తు, ఒకే రంగు, మంచినీళ్ళలా మెరిసేవి. చోటే మియా వాటిని అలమారులో వరుసగా పేర్చుకొని పెళ్ళికొడుకులా మురిసిపోయాడు.

"గిట్లయితే ఎవలి సీసా ఏదో ఎట్ల తెలుస్తది డాక్టర్ సాబ్?" అని నాగన్న తల గోక్కున్నాడు.

"పేరు రాసి చీటీ అంటిస్తాం గదయ్యా!" అన్నారు ఈయన.

పేరు! గద్వాల చుట్టుపక్కల ఊళ్ళ సంగతి తెలిసినవాళ్ళెవరూ ఆ మాట అనరు. మల్దకల్ దేవుణ్ణి అక్కడివాళ్ళు తిమ్మప్ప అంటారు. ఆయనకు మొక్కుకుంటే పుట్టిన ప్రతి మగపిల్లవాడూ తిమ్మప్పే. నాగన్న వరండాలో నిలబడి "తిమ్మప్పా" అని కేకేస్తే సగం వరండా లేచి నిలబడేది. దానికి తోడు భర్త మందు కోసం వచ్చిన ఆడది భర్త పేరు ఎత్తదు. ఊరి పేరు చెప్తుంది, అత్త పేరు చెప్తుంది, ఎడ్ల రంగు కూడా చెప్తుంది, మొగుడి పేరు మాత్రం చెప్పదు. దవాఖానలో రాయించుకునేటప్పుడు పక్కనున్నవాళ్ళతో చెప్పిస్తుంది. మందు వచ్చాక నాగన్న పిలిస్తే "నాదే" అని కూడా అనదు, చెయ్యి చాపుతుంది. మునుపు ఎవరి సీసా వాళ్ళు గుర్తుపట్టి తీసుకునేవాళ్ళు కనక ఏ ఇబ్బందీ రాలేదు. ఇప్పుడు అన్ని సీసాలూ ఒకటే అయిపోయాయి.

ఒకరోజు పెబ్బేరులో సంత. సంతలో ఎద్దు ఎవరినో పొడిచిందని కబురొస్తే, డాక్టరుగారు పొద్దున వచ్చినవాళ్ళందరికీ మందులు రాసిచ్చి అటు బయల్దేరారు. ఆడవాళ్ళ గదిలో అలివేలమ్మ అని మల్దకల్ నుంచి వచ్చిన పిల్ల ఉంది. కొత్తగా కాపురానికొచ్చింది. భర్త తిమ్మప్పకు చలిజ్వరం. ఇక స్టేషన్‌లో మూటలు మోసే హమాలీ ఒకడున్నాడు, వాడి పేరూ తిమ్మప్పే. వాడికి నడుం పట్టేస్తే పూతమందు రాశారు. ఒకటి తాగేది, ఒకటి పైన రుద్దేది. రెండూ ఒకేలాంటి సీసాల్లో, రెండింటి మీదా తిమ్మప్ప అన్న చీటీతో తయారయ్యాయి.

"తిమ్మప్ప మందు!" అని నాగన్న ఆడవాళ్ళ గది గుమ్మంలోకి ఒక సీసా చాపాడు. అలివేలమ్మ సిగ్గుగా తల వంచుకొని అందుకుంది. ఆ సీసా పక్కనుంచి పోతుంటే కుల్సుమ్‌బీ ముక్కుకు కర్పూరం వాసన తగిలింది. చలిజ్వరానికి ఇదేం వాసన అని అనుమానం వచ్చింది. వెంటనే కిటికీ దగ్గరికి పోయి అడిగిందా? లేదు. గోడకేసి చూసి, "చలిజ్వరపు మందుల కర్పూరం వాసనేంది? ఎవరన్న జర చూసుకోండ్రి" అంది.

చోటే మియా విన్నాడు. "గోడకు చెప్పింది గదమ్మా, నాకు చెప్పలే" అని తర్వాత నాతో అన్నాడు. వాడు విన్నాడు గదా, తప్పయితే ఆపేవాడు గదా అని ఆమె ఊరుకుందట. ఇద్దరి తలలూ తీసుకెళ్ళి ఆ గోడకే కొట్టాలనిపించింది నాకు. అలివేలమ్మ సీసా కొంగున కట్టుకొని మల్దకల్ పోయే బండి ఎక్కేసింది.

కాసేపటికి హమాలీ తిమ్మప్ప తల్లి యాదమ్మ వచ్చింది. మిగిలిన సీసా తీసుకొని మూత తీసి వాసన చూసింది. ముసల్ది గట్టిది, పైగా కొడుకుకు ఆ పూతమందు ముందొకసారి వాడింది.

"ఏందిర నాగన్నా, కర్పూరం వాసనే లేదు! నీళ్ళు కలిపి ఇస్తుండ్రా మాకు?" అని లంకించుకుంది.

చోటే మియా ఆ సీసా అందుకొని చూశాడు. మొఖం తెల్లబోయింది. తాగే మందు ఇక్కడుంది. అంటే రుద్దుకునే టర్పెంటైను, కర్పూరం మల్దకల్ పోతున్నది, పూటకొక మోతాదు తాగించడానికి.

పొయ్యి మీద అన్నం వదిలేసి నేను బయటికొచ్చాను. డాక్టరుగారు ఊళ్ళో లేరు. ఆ పిల్ల మొఖం చూసింది కుల్సుమ్‌బీ ఒక్కతే. విరుగుడు తెలిసింది చోటే మియా ఒక్కడికే. బాలన్న జట్కా పిలిపించి ఇద్దరినీ ఎక్కమన్నాను. అతను ముందు కూర్చున్నాడు, ఆమె బురఖా సర్దుకొని వెనక కూర్చుంది.

"ఒక మనిషి పానం మీదికొచ్చింది. ఇప్పుడన్నా నోర్లు తెరవండి!" అని అరిచాను.

దారి పొడుగునా జరిగింది బాలన్న చెప్తేనే తెలిసింది. "బాలన్నా, గుర్రాన్ని జర ఉరికించు" అని ఆమె. "బాలన్నా, ఆ పిల్ల చీరె ఏ రంగో అడుగు" అని అతను. "బాలన్నా, పచ్చ చీరె, ముక్కుకు తెల్లరాయి అని చెప్పు" అని ఆమె. "నడుమల నేనేమన్న తంతి తీగనా? నా నోరు నొచ్చింది తల్లీ" అని బాలన్న నాతో మొరపెట్టుకున్నాడు.

మల్దకల్‌లో తిమ్మప్ప ఇల్లేదంటే లాభం లేదు గదా. పచ్చ చీర కొత్తకోడలిని అడుగుతూ పోయారు. తీరా ఇల్లు దొరికేసరికి అలివేలమ్మ భర్తకు ఒక మోతాదు పోసేసింది. నోరంతా మండుతున్నదని అతను మొత్తుకుంటే, గద్వాల డాక్టరు మందు గట్టిది, ఇంకొంచెం పోస్తే తగ్గుతుందని అత్త అన్నదట. రెండో మోతాదు గిన్నె అతని పెదవుల దాకా వచ్చింది. కుల్సుమ్‌బీ ఒక్క ఉరుకున పోయి గిన్నె లాగేసింది. అంతలోనే మనిషికి కాళ్ళు చేతులు కొట్టుకోవడం మొదలైంది.

"భాభీ, పక్కకు ఒరిగించి పట్టు" అన్నాడు చోటే మియా.

"పట్టిన. నోట్లె నురుగొస్తుంది."

"తుడువు. తల ఎనక్కి వాలనీకు."

"వాలనియ్య. నువ్వు మందు తియ్ తొందరగ."

ఆ చిన్న ఇంట్లో పొద్దు వాలేదాకా ఇద్దరూ అట్లాగే కూర్చున్నారు. అతను తెచ్చిన మందు కొద్దికొద్దిగా పోశాడు, ఆమె ఒళ్ళో తల పెట్టుకొని పట్టుకుంది. చివరికి తిమ్మప్ప కళ్ళు తెరిచి గంజి అడిగాడు. అలివేలమ్మ మాత్రం గోడకు తల కొట్టుకుంటున్నది. "నా చేతులతోటి నేనే పోస్తి గదమ్మా" అని ఒకటే ఏడుపు.

"నీ తప్పు లేదు బిడ్డా. తప్పంత మాది" అంది కుల్సుమ్‌బీ, ఆ పిల్లను దగ్గరికి లాక్కొని.

తిరుగు దారిలో మళ్ళీ మొదటికే వచ్చింది. "పొయ్యేటప్పుడు నాతోటన్న మాట్లాడిండ్రు. వచ్చేటప్పుడు అదీ లేదు" అన్నాడు బాలన్న.

మర్నాడు డాక్టరుగారు అందరినీ వరండాలో నిలబెట్టారు. ముందు తన సంగతి చెప్పుకున్నారు. "సీసాలు ఒకే తీరుగ చేసింది నేను. ముందు వెనక చూసుకోలే. ఇగనుంచి తాగే మందే ఈ సీసాల్ల. పూతమందు ఎవలి సీసా వాళ్ళు తెచ్చుకోవాలె" అన్నారు. ఆ తర్వాత వదినా మరుదుల వైపు తిరిగారు. గొంతు పెరిగింది. "మీ ఇంటి కొట్లాట నాకొద్దు. కానీ మీరు మాట్లాడకపోతే ఇక్కడ మనుషులు చస్తరు. మాట్లాడతరా సరే, లేకుంటే ఒకరు పోవాలె."

కుల్సుమ్‌బీ మొఖం పాలిపోయింది. పోవాలంటే పోయేది ఆమే, కంపౌండరు లేనిదే దవాఖాన నడవదు. వనపర్తిలో తండ్రి లేడు, ఇల్లూ లేదు. ఈ గది పోతే ఆమెకు పొద్దున్నే లేచి వెళ్ళేందుకు ఇంకో చోటు లేదు. చోటే మియా గబుక్కున, "మాట్లాడుతం సాబ్" అన్నాడు. ఆమె తలూపింది.

"రైల్వే స్టేషన్‌లో చూసిన్రా?" అన్నారు డాక్టరుగారు. "ఈ స్టేషను మాస్టరు ఆ స్టేషనుకు చెప్పిన మాట, అవతలాయన మళ్ళ తిరిగి చెప్తేనే రైలు వదులుతడు. మనం కూడ గంతే. కుల్సుమ్‌బీ పేరు, ఊరు, తాగేదా పూసేదా చెప్పాలె. చోటే మియా అదే మాట తిరిగి చెప్పాలె. తిరిగి వినబడేదాకా చెప్పినట్టు కాదు. మందు తీసుకునేటోళ్ళు కూడ తమ నోటితోనే పేరు చెప్పాలె."

"ఆడోళ్ళు మొగని పేరు చెప్తరా సాబ్? ఇల్లు పోయి చెట్టు కింద కూసుంటరు గని చెప్పరు" అన్నాడు నాగన్న.

అది నిజమే. నాకూ నవ్వొచ్చింది, నన్నడిగితే నేనూ చెప్పను. అందరం తల పట్టుకుంటే, కొడుకు మందు కోసం మళ్ళీ వచ్చిన యాదమ్మ వరండా మెట్టు మీది నుంచి అందుకుంది. "ఎందుకు చెప్పరు? పెండ్లినాడు గడప కాడ ఆడిబిడ్డ అడ్డం నిలబడితే చెప్పలేదా? చెప్పకుంటే లోపటికి రానిస్తరా? గట్లనే ఈడ కుల్సుమ్‌బీని గడప కాడ నిలబెట్టుండ్రి!"

ఆ మాట కుల్సుమ్‌బీకి పట్టరాని హుషారు తెచ్చింది. ఆ రోజు నుంచి మందు చేతిలో పెట్టుకొని గుమ్మానికి అడ్డంగా నిలబడేది. ఆ లావు మనిషి నిలబడితే చీమ కూడా దూరదు. "పేరు చెప్పు వదినా, చెప్తెనే మందు! నీ మొగుడు నా అన్నగాదు? నేను ఆడిబిడ్డను గాదు?" అనేది. లోపల ఆడవాళ్ళందరూ నవ్వులు. సిగ్గుతో మెలికలు తిరిగి, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, చివరికి పేరు బయటికి అనేవాళ్ళు. ఆమె కిటికీ వైపు తిరిగి, "గోనుపాడు తిమ్మప్ప, తాగేది" అని అరిస్తే, అక్కడినుంచి "గోనుపాడు తిమ్మప్ప, తాగేది" అని వినబడేది. అప్పుడు గాని సీసా చేయి మారేది కాదు. మళ్ళీ ఒక్క సీసా కూడా తారుమారు కాలేదు. పెబ్బేరు సంతకు వచ్చినవాళ్ళు కూడా మా దవాఖానకు రావడం మొదలుపెట్టారు.

కానీ వదినా మరుదుల మధ్య ఆ మాటలే మాటలు. పేరు, ఊరు, తాగేది, పూసేది. రోగుల పేర్లు తప్ప ఒకరి సంగతి ఒకరు అడిగింది లేదు. పొద్దున వచ్చేటప్పుడు సలాం లేదు, పండగకు పిలుపు లేదు. పని సరిగా నడుస్తున్నది గదా అని డాక్టరుగారు తృప్తిపడ్డారు. నాకు మాత్రం కడుపు నిండలేదు. సాయంత్రం దవాఖాన మూశాక ఇద్దరూ బజారులో చెరో పక్కకు తిరిగి పోతుంటే చూసి తిట్టుకునేదాన్ని.

వానలు వెనకబట్టాక అలివేలమ్మ వచ్చింది. ఈసారి తనకే వేవిళ్ళు. తిమ్మప్ప కూడా వెంట వచ్చి బయట కూర్చున్నాడు, మనిషి మళ్ళీ తేరుకున్నాడు. కుల్సుమ్‌బీ సంబరం చూడాలి! మందు వెనక దాచి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"నా మందుకు ఆయన పేరెందుకమ్మా?" అని అలివేలమ్మ గింజుకుంది.

"బిడ్డ ఎవలిదో చెప్పొద్దా మరి?"

గదంతా గొల్లుమంది. అలివేలమ్మ ఎర్రబడి, పరదా చాటుకు పోయి, పేరు చెప్పింది. చెప్పి, ఊరుకోలేదు. "మమ్ములనందరిని చెప్పిస్తున్నవ్ గద! నువ్వు ఎన్నడన్న మీ ఆయన పేరు చెప్పినవా? చెప్పు సూస్తం" అంది. పాపం, ఆ పిల్లకు నబీ సాబ్ సంగతి తెలియదు. తెలిసిన మేం గతుక్కుమన్నాం. నేను వారిద్దామని లేచాను.

కుల్సుమ్‌బీ చెయ్యెత్తి నన్ను ఆపింది. పాన్ బుగ్గన పెట్టుకుంది. తర్వాత కిటికీ వైపు తిరిగింది.

"నబీ సాబ్" అంది. అంత పెద్ద గొంతు మనిషికి ఆ మాట సన్నగా వచ్చింది. "గద్వాల నబీ సాబ్."

అటు పక్క మందు నూరే కల్వం చప్పుడు ఆగిపోయింది. తిరిగి చెప్పడం ఆ కిటికీ పద్ధతి. అందరం అటే చూస్తున్నాం.

"గద్వాల నబీ సాబ్" అన్నాడు చోటే మియా.

ఆమె కిటికీ చువ్వలు పట్టుకుంది. "చెప్పి పంపిన, చోటే."

తిరిగి వినబడేదాకా ఆమె చువ్వలు వదలలేదు.

"చెప్పి పంపినవ్, భాభీ" అన్నాడు.